నాలుగో రోజు దాటాలంటే

జడ్చర్ల తమ్మీ, నువ్వు రాసింది మొత్తం చదివిన. నాకు అర్థమైంది ఇది. వయసు 34. పోలేపల్లిలో ఒక మందుల కంపెనీల యుటిలిటీ సెక్షన్, బాయిలర్ దగ్గర షిఫ్ట్ డ్యూటీ. పన్నెండేండ్ల నుంచి రోజుకు పదిహేను సిగరెట్లు. ప్లాంటు లోపల అగ్గిపుల్ల గీస్తే ఉద్యోగం పోతది కాబట్టి అక్కడున్న ఎనిమిది గంటలు చెంపకు ఖైనీ. మూడుసార్లు మానేసినవు, మూడుసార్లూ నాలుగో రోజే మళ్లీ ముట్టించినవు. నిద్ర లేదు, మోషన్ లేదు, తలనొప్పి, ఇంట్లో మరదలి మీద, పిల్లల మీద అరుపులు. "ఇది ఎన్ని రోజులుంటదన్నా? నాకేమన్న అయితదా? అందరికీ ఇట్లనేనా, నాకే గుండెధైర్యం లేదా?" అని అడిగినవు.

నాది దేవరకొండ. 2006ల మెడికల్ షాపు పెట్టిన. డాక్టర్‌ను కాదు, ఫార్మసిస్టును. 2013 దాకా రోజుకు ఇరవై సిగరెట్లు తాగినోణ్ని. ఒక చేత్తో దగ్గు మందు అమ్ముకుంట, ఇంకో చేత్తో షాపు పక్క సందులో దమ్ము కొట్టినోణ్ని. అందుకే ఇక్కడ రాసేదాంట్లో సగం చదువు, సగం నా ఒంటి మీద అయింది, ఇంకా నా కౌంటర్ దగ్గరికి వచ్చినోళ్ల దగ్గర చూసింది.

ధైర్యం సంగతి పక్కకు పెట్టు. నువ్వు రాసిన తారీఖులు చూసిన. మూడింట్లో రెండుసార్లు నైట్ షిఫ్ట్ మొదలయ్యే ముందురోజు మానేసినవు. అంటే బాధ నెత్తికెక్కే రెండో రోజు, మూడో రోజు నువ్వు రాత్రి రెండింటికి నిద్ర ఆపుకుంట బాయిలర్ ముందు కూసున్నవు. ఆ లెక్కన మూడు రోజులు ఆగినందుకే నీకు మొక్కాలె. నీకు తక్కువైంది ధైర్యం కాదు, లెక్క.

ఆ లెక్క ఏందో చెప్తా. ఒంట్లోకి పోయిన నికోటిన్ రెండు గంటలకు సగమైతది, ఇంకో రెండు గంటలకు ఆ సగంలో సగం. అందుకే పొద్దంతా చెయ్యి దానంతట అదే జేబులోకి పోతది. రాత్రి నిద్రలో ఖాళీ పడ్డది కాబట్టి లేవంగనే తాగే మొదటిదానికి ఉండే రుచి తర్వాతి పద్నాలుగింటికి ఉండదు. లేచినంక అరగంట లోపల ముట్టిస్తవా, లేక స్నానం, టిఫిన్ అయినంకనా అని డాక్టర్లు ముందుగాల అడుగుతరు. అరగంట లోపలైతే పట్టు గట్టిగున్నట్టు. నువ్వు మంచం మీది నుంచి కాలు కింద పెట్టక ముందే అని రాసినవు.

మెదడులో నికోటిన్‌ను అందుకునే చోట్లు ఉంటయి. తాగినకొద్దీ అవి ఎక్కువైతయి. మానేసిన రోజు గూట్లో పిట్టపిల్లల లెక్క అన్నీ ఒక్కసారే నోరు తెరుస్తయి. రెండు మూడు రోజుల్లో ఒంట్లో నికోటిన్ ఇంచుమించు ఖాళీ అయితది. పిల్లల అరుపు గట్టిగుండేది సరిగ్గా అప్పుడే. అక్కణ్నుంచి దిగుడే. వారం దాటితే తేడా నీకే తెలుస్తది. మూడు నాలుగు వారాలకు చిరాకు, నిద్రలేమి, తలనొప్పి చాలామందికి సర్దుకుంటయి. ఆకలి ఒక్కటి ఇంకొన్నాళ్లు సతాయిస్తది. పొగాకు మానేస్తే ప్రాణం మీదికి రాదు, ఫిట్స్ రావు. కల్లు, మందు మానేసే సంగతి వేరే, దానికి కింద వస్త.

అంటే నువ్వు ప్రతిసారీ ఎక్కుడంతా ఎక్కి, దిగుడు మొదలయ్యే కాడ వెనక్కి మళ్లినవు. మళ్లీ మొదటి మెట్టు కాణ్నుంచి ఎక్కినవు. నాకు ఇది ఎవరూ చెప్పలే. చెప్పుంటే ఒక ఏడాది ముందే మానేసేటోణ్ని.

నేనైతే మూడో రోజే పడ్డ. 2012ల సంగతి. సాయంత్రం ఆరున్నర ఉంటది, షాపుల రద్దీ. అచ్చంపేట బస్సు దిగి ఒక అవ్వ బీపీ గోలీలకు వచ్చింది. చీటీ కొంగు కొసన ముడేసుకున్నది. ఆ ముడి విప్పుతున్నది, వేళ్లు వణుకుతున్నయి, ముడి రావట్లే. ఎంతసేపని, ఒక నిమిషం గూడ పట్టలే. నాకు మాత్రం చెవుల్లో ఏదో గిర్రున తిరిగినట్టు, పండ్లు పటపట కొరుకుతున్న. "చీటీ ముందుగాల తీసిపెట్టుకోరాదా" అని అరిచిన. షాపు మొత్తం చప్పుడు లేదు. అవ్వ ముడి విప్పుడు ఆపి నా మొఖం చూసి, "ఏం బిడ్డా, పాణం మంచిగ లేదా?" అన్నది. సిగ్గుతోని చీటీ గుంజుకొని గోలీలు తీసిచ్చిన. పక్కనున్న షాపు పిలగాడు "అన్నా" అని నా చెయ్యి పట్టిండు. అమ్లోడిపిన్ 5 రాసుంటే నేను 10ది ఇస్తున్న. అవ్వ పోయినంక ఎదురుంగ పాన్ డబ్బాకు పోయిన. నేను నోరు తెరవక ముందే నా బ్రాండు బయటికొచ్చింది. డబ్బాకు వేలాడే కొబ్బరితాడు కొసన నిప్పు ఎర్రగున్నది. అంతే.

ఈ కథ చెప్పింది ఊకెనే కాదు. ఆ రెండు మూడు రోజులు మనసు ఒక్క చోట నిలవదు, చిన్న లెక్క తప్పుతది. నా చేతిలో గోలీల స్ట్రిప్పు ఉండె, నీ చేతిలో వాల్వు ఉంటది. కాబట్టి ఆ రెండు రోజులు నువ్వు డ్యూటీలో ఉండొద్దు. నీ రొటేషన్‌లో నైట్ అయిపోయి, వీక్లీ ఆఫ్ వచ్చి, తర్వాత పొద్దుటి షిఫ్ట్ ఉండే వారం చూసుకో. ఆఫ్‌కు రెండు సీఎల్‌లు కలుపు. నైట్ దిగిన పొద్దున పడుకుని లేస్తవు గదా, ఆ లేచినప్పటి నుంచి లెక్క.

రెండో మాట. సిగరెట్, ఖైనీ రెండూ ఒకేసారి మానాలె. "ముందు సిగరెట్, తర్వాత ఖైనీ" అన్నోళ్లను చానమందిని చూసిన. సిగరెట్ ఆగినంక చెంపలో ఖైనీ రోజుకు రెండు ప్యాకెట్ల నుంచి ఐదుకు పోతది. ఒంటికి కావాల్సింది నికోటిన్, అది ఏ దర్వాజల నుంచి వస్తే ఏంది. పొగ పది సెకన్ల అటుఇటుల మెదడుకు పోతది, ఖైనీ నెమ్మదిగ ఎక్కి ఎక్కువసేపు ఉంటది. సున్నం ఎందుకు నలుపుతరో ఎప్పుడన్న ఆలోచించినవా? సున్నం తగిలితే నికోటిన్ చెంప లోపలి తోలు గుండ తొందరగ రక్తంలోకి పోతది. మన తాతలకు కెమిస్ట్రీ రాకున్నా పని తెలుసు. ఈ సున్నం ముచ్చట యాది పెట్టుకో, మళ్లా అవసరం పడతది.

ఇగ మందుల సంగతి. నికోటిన్ చూయింగ్ గమ్ 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండనే దొరుకుతది, 4 మిల్లీగ్రాములదానికి డాక్టర్ చీటీ కావాలె. లేచిన అరగంట లోపల ముట్టించేటోళ్లకు సాధారణంగ 4ది చెప్తరు. కానీ నీ పనికాడ ఒక తిరకాసు ఉన్నది. మందుల కంపెనీల లోపల ఏదీ నమలొద్దు, తినొద్దు. ఇన్నేండ్లు ఖైనీ పెట్టుకున్నది కూడా రూలు తప్పే అని నీకు తెలుసు. గమ్ నములుకుంట దొరికితే "మానేస్తున్న సార్" అంటే వినరు. అందుకే నీకు ప్యాచ్ నయం. పొద్దున ఒకటి భుజం మీద అంటించుకుంటే రోజంతా నెమ్మదిగ నికోటిన్ ఇస్తది. 21, 14, 7 మిల్లీగ్రాములు అని సైజులుంటయి, కొన్ని వారాలకొకసారి పెద్దదాని నుంచి చిన్నదానికి దిగాలె. రోజూ చోటు మార్చాలె, లేకుంటే అక్కడ దురద. నైట్ షిఫ్ట్ వారంలో "పొద్దున" అంటే నువ్వు లేచిన టైము, గడియారం పొద్దున కాదు. పెట్టుకొని పంటే పిచ్చిపిచ్చి కలలొస్తే పండుకునే ముందు తీసెయ్యి. ప్యాచ్ ఉండంగనే, ప్లాంటు బయట, ఇంటికాడ తాగాలని మనసు గుంజినప్పుడు గమ్ కూడా వాడొచ్చు. రెండూ కలిపితే ఒక్కదానికన్న మంచిగ పనిచేస్తయి. ఏ సైజు, ఎన్ని వారాలు అనేది మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రిలో గానీ నీకు తెలిసిన డాక్టర్ దగ్గర గానీ రాయించుకో. చిన్న ఊర్ల షాపుల ప్యాచ్ ఎప్పుడూ ఉండదు, రెండ్రోజుల ముందు చెప్తే తెప్పిస్తరు. మానేసే రోజు పొద్దున ఎతుక్కుంట తిరగకు.

"నికోటిన్ మానెయ్యమని మళ్లీ నికోటినే ఇస్తరేంది" అని మా షాపుల రోజుకొకరన్నా అంటరు. క్యాన్సర్ తెచ్చేది ముఖ్యంగ పొగ, తారు, పొగాకుల ఉండే మిగతా విషాలు. నికోటిన్ మనల్ని కట్టేసే తాడు. గమ్, ప్యాచ్ ఆ తాడును కొంచెం కొంచెం వదులు చేస్తయి. గుండెనొప్పి వచ్చి ఎక్కువ రోజులు కానోళ్లు, కడుపుతోని ఉన్నోళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండ ముట్టొద్దు.

గమ్ నమిలే తీరు మాత్రం వందలో తొంభైమందికి తెల్వదు, ఇది నా లెక్క. మొన్న కొండమల్లేపల్లి ఆటో తమ్ముడొకడు సగం స్ట్రిప్పు తెచ్చి కౌంటర్ మీద పెట్టిండు. "అన్నా, నీ చిక్లెట్ పనిచెయ్యదు, వాపసు తీసుకో. ఎక్కిళ్లు, గొంతుల మంట, కడుపుల తిప్పుడు." ఎట్ల నమిలినవురా అంటే, ఒకటి నోట్లో వేసి సినిమాకు పోయినోని లెక్క చపచప నమిలి చూపెట్టిండు. నికోటిన్ అంతా ఉమ్ముల కలిసి కడుపులోకి పోయింది, ఎక్కిళ్లు రాక ఏమొస్తయి? ఇంకోటి ఇప్పి చేతికిచ్చిన. పది పదిహేనుసార్లు నెమ్మదిగ నములు. నాలుక మీద మిరియం ఘాటు తగలంగనే ఆపు. చెంపకూ చిగురుకూ నడుమ దోపుకో. "ఖైనీ పెట్టుకునేటోనికి ఇది నేను నేర్పాలారా" అంటే నవ్విండు. ఘాటు పోయినంక మళ్లీ నాలుగుసార్లు నమిలి రెండో చెంపకు మార్చుకో. ఇట్ల అరగంట నడుస్తది. నమిలే ముందు పావుగంట, నమిలేటప్పుడు చాయ్, సోడా, నిమ్మకాయ నీళ్లు వద్దు. సున్నం ముచ్చట యాది ఉన్నదా? సున్నం నికోటిన్‌ను లోపలికి తోలుతది, పులుపు దానికి అడ్డం పడతది. అందుకే చాయ్ తాగుకుంట గమ్ నమిలి "ఏం లేదు" అంటరు. మొదటి ఆరు వారాలు గంట రెండు గంటలకొకటి, ఆ తర్వాత ఎడం పెంచుకుంట మూడు నెలల్లో ఆపెయ్యాలె. మనోళ్లు రెండ్రోజులు నాలుగు గమ్‌లు నమిలి, "ఇగ చాలు" అని బందు పెడతరు. ఐదో రోజు పాన్ డబ్బా కాడ కనిపిస్తరు.

గోలీలు కూడా ఉన్నయి, బుప్రోపియాన్, వారెనిక్లిన్ అని. అవి డాక్టర్ రాస్తేనే. ఫిట్స్ ఉన్నోళ్లకు బుప్రోపియాన్ ఇయ్యరు.

ఇప్పుడు చాయ్. నైట్ షిఫ్ట్‌ల ఆరు చాయ్‌లు అన్నవు. చానమందికి ఎవరూ చెప్పని సంగతి ఇది. సిగరెట్ పొగల ఉండే కొన్ని పదార్థాలు కాలేయాన్ని ఉరికిస్తయి, ఆ ఉరుకుల చాయ్‌లోని కెఫిన్ తొందరగ కరిగిపోతది. సిగరెట్ ఆపిన కొన్ని రోజులకు ఆ ఉరుకుడు ఆగుతది. అవే ఆరు చాయ్‌లు తాగినా ఒంట్లో కెఫిన్ ఇంచుమించు రెండింతలైతది. చేతుల వణుకు, గుండె దడ, నిద్ర పట్టకపోవుడు, ఇవన్నీ సిగరెట్ లేక అనుకుంటవు. సగం చాయ్ చేస్తున్నది. కాబట్టి మానేసిన రోజు నుంచి చాయ్‌లు సగానికి సగం. ఇది పొగకే వర్తిస్తది, వట్టి ఖైనీ వాళ్లకు కాదు. ఇదే లెక్కన ఆయాసానికి థియోఫిలిన్ వాడేటోళ్లు, మానసిక జబ్బులకు క్లోజపిన్, ఓలాంజపిన్ వాడేటోళ్లు సిగరెట్ మానేస్తే డాక్టర్‌కు ముందే చెప్పాలె, డోసు మార్చాల్సి రావొచ్చు. షుగర్ గోలీలు వాడేటోళ్లు మొదటి వారాల్లో షుగర్ ఒకటికి రెండుసార్లు చూపించుకోవాలె.

మోషన్ రాకపోవుడు కూడా మామూలే. పొద్దున్నే సిగరెట్ పేగును కదిలిస్తది. ఆ అలవాటు పోయి పేగు తనంతట తాను కదిలేదానికి వారం రెండు వారాలు పడతది. జొన్నరొట్టె, తోటకూర, పాలకూర, నీళ్లు, సాయంత్రం నడక. అప్పటికీ కాకుంటే ఇసబ్‌గోల్ రాత్రి ఒక చెంచా, నిండ నీళ్లతోని. పది రోజులకు దగ్గు, కళ్లె ఎక్కువైందని కొందరు భయపడతరు. ఊపిరితిత్తుల్లో మురికి ఊడ్చే సన్నటి వెంట్రుకలు ఇన్నేండ్లు పొగకు మత్తుల పడుకున్నయి, లేచి ఊడుస్తున్నయి. కానీ కళ్లెల రక్తం పడ్డా, దగ్గుతోని సాయంత్రం జ్వరం, బరువు తగ్గుడు ఉన్నా ఊడుస్తున్నయి అనుకోకు, ప్రభుత్వ ఆసుపత్రిల కళ్లె పరీక్ష చేయించు. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష తప్పదు.

బరువు మొదటి ఏడాదిల సగటున నాలుగైదు కిలోలు పెరగొచ్చు. మొదటి నెల దాని గురించి ఆలోచించకు. పొగాకు, అన్నం రెండింటితోని ఒకేసారి కొట్లాడి గెలిచినోణ్ని నేను ఇంతవరకు చూడలే. జేబుల పల్లీలు, పుట్నాలు, సోంపు పెట్టుకో. వక్కపొడి మాత్రం వద్దు. పొగాకు లేని పాన్ మసాలా కూడా వద్దు. వక్క కూడా అలవాటు పడే సరుకే, క్యాన్సర్ తెచ్చేదే. గుట్కా మీద నిషేధం వచ్చినంక పాన్ మసాలా ఒక ప్యాకెట్, జర్దా ఒక ప్యాకెట్ అని విడిగ అమ్ముతున్నరు, కొనేటోడు అరచేతిల కలుపుకుంటడు. ఒక ప్యాకెట్ ఆపి రెండోది నడిపించినోడు మానేసినట్టు కాదు.

నోరు ఒకసారి చూసుకో. ఇది వాయిదా వెయ్యకు. అద్దం ముందు నిలబడి నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగ పెట్టు. మూడు పట్టకుంటే, కారం తింటే మంట పుడితే, చెంప లోపల తెల్ల మచ్చ గానీ ఎర్ర మచ్చ గానీ ఉంటే, పుండు మూడు వారాలైనా మానకుంటే పండ్ల డాక్టర్ దగ్గరికి పో. మానేసిన కొత్తల చిన్న చిన్న నోటి పుండ్లు కొందరికి వస్తయి, అవి పోతయి. ఖైనీ రోజూ ఒకే చోట పెట్టుకుంటవు గదా, ఆ చోటు చూపెట్టి "ఇక్కడ పెడతా డాక్టర్" అని చెప్పు. మా మునుగోడు, మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినోళ్లకు ఒక అన్యాయం ఉన్నది. పండ్ల మీద నీళ్ల మరక ఏది, గుట్కా మరక ఏది ఎవరికీ తెల్వదు, ఇంట్లో పట్టుబడరు. మరక సంగతి పక్కన పెట్టి చెంప లోపలి తోలు చూడమని అడగాలె.

కల్లు ముచ్చట. నువ్వు "ఆదివారం దోస్తులతోని కొంచెం" అని రాసినవు. మానేసినోళ్లు మళ్లీ పడేది ఎక్కువగ మందు కాణ్నే. రెండు గ్లాసులు లోపలికి పోయినంక "ఒక్క దమ్ము" అనే మాట ఎంత మెత్తగ ఉంటదో నీకు నేను చెప్పక్కరలేదు. కనీసం మొదటి నెల ఆ కూసుండే చోటికి పోకు. కానీ ఇది చదివే ఇంకెవరైనా రోజూ కల్లు గానీ మందు గానీ తాగేటోళ్లుంటే వినుండ్రి. పాలమూరు దిక్కు కల్తీ కల్లుల అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతరని ఎన్నిసార్లు బయటపడ్డదో మనకు తెలుసు. అది రోజూ తాగి ఒక్కసారి బందు పెడితే చేతులు వణికి, లేనిది కనిపించి, ఫిట్స్ వచ్చి ఆసుపత్రిల పడతరు. పొగాకు ఒక్కరోజుల ఆపొచ్చు. కల్తీ కల్లు, రోజువారీ మందు డాక్టర్ చేతుల మీదనే ఆపాలె. వాళ్లకు బుప్రోపియాన్ రాసే ముందు డాక్టర్‌కు ఈ అలవాటు దాచిపెట్టొద్దు.

గుంజుడు గురించి. ఒంట్లో నికోటిన్ పోయినంక కూడా అది అప్పుడప్పుడు వస్తనే ఉంటది. వచ్చినప్పుడు గడియారం చూడు, నేను చూసిన. మూడు నుంచి ఐదు నిమిషాలు. అప్పుడు మనకు మాత్రం "ఇట్లనే రాత్రి దాకా ఉంటది" అనిపిస్తది. ఆ ఐదు నిమిషాల్లో ఏం చెయ్యాల్నో అప్పుడు ఆలోచిస్తే ఓడిపోతవు, ముందే పెట్టుకోవాలె. నాది ఇదీ. పొద్దున లేవంగనే మొఖం కడగక ముందు ఒక చెంబు నీళ్లు. అన్నం తిన్న నిమిషానికి లేచి పండ్లు తోముకునేది, పేస్టు నోట్లో ఉంటే సిగరెట్ రుచి పుట్టదు. షాపుల నా కుర్చీ పాన్ డబ్బాకు ఎదురుంగ ఉండె. మూడోసారి మానేసినప్పుడు, అది 2013ల, కుర్చీని ఫ్రిజ్ దిక్కు తిప్పిన. ఇన్సులిన్ డబ్బాలు చూసుకుంట కూసున్న ఆరు నెలలు. గిరాకీలు నవ్విండ్రు. మొదటి రెండుసార్లు నేను చెయ్యనిది ఈ కుర్చీ తిప్పుడే అనుకుంట.

నీ జాగాలు నువ్వు రాసుకో. నువ్వు చెప్పినదాంట్లో నాకు మూడు కనిపించినయి: మంచం దిగకముందు, కంపెనీ బస్సు పాయింటు కాడ చాయ్ బండి, డ్యూటీ దిగినంక గేటు బయట. ఖైనీ డబ్బీ, లైటర్, సున్నం ట్యూబు, లాకర్లో దాచుకున్న ప్యాకెట్, అన్నీ ముందురోజే పారెయ్యి. "ఎమర్జెన్సీకి ఒకటి" అని బండి డిక్కీల పెట్టుకున్నోడు ఆ ఎమర్జెన్సీని తానే తెచ్చుకుంటడు. ఈ-సిగరెట్ దిక్కు చూడకు, 2019ల దేశంల నిషేధించిండ్రు, దొరికేది ఏ సరుకో ఎవరికీ తెల్వదు.

ఒకవేళ మధ్యల ఒకటి తాగితే? తాగినవు, అంతే. మిగతా ప్యాకెట్ తాగాలని చట్టం లేదు. ప్యాచ్ తీసెయ్యకు, లెక్క సున్నాకు తేకు, అదే రోజు మళ్లీ నడిపించు. ఏ టైముకు, ఏ జాగల, ఎవరి పక్కన తాగినవో కాగితం మీద రాసుకో.

మాట్లాడేదానికి మనిషి కావాలనిపిస్తే 1800-11-2356. సిగరెట్ ప్యాకెట్ మీద బొమ్మ కింద అచ్చేసే నంబరే, టోల్ ఫ్రీ, తెలుగుల మాట్లాడొచ్చు. ఆ ప్యాకెట్ నువ్వు పన్నెండేండ్లు చేతుల పట్టుకున్నవు, ఆ నంబరు ఎన్నడన్న చదివినవా? నేను మానేసినప్పుడు ఆ నంబరే లేదు. చిరాకు దాటి మనసు మొత్తం చీకటైతే, రెండు వారాలైనా ఏదీ బాగనిపించకుంటే, బతుకు మీద విరక్తి మాట వస్తే 14416కు ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటరు, మనసు బాగలేనోళ్లకు సర్కారు పెట్టిన నంబరు, అది పగలూ రాత్రీ ఉంటది. ముందు నుంచి డిప్రెషన్ ఉన్నోళ్లు మానేసే ముందే డాక్టర్‌కు చెప్పాలె.

మరదలికి ముందే చెప్పు. "నేను మారిపోతున్న" లాంటి పెద్ద మాటలు వద్దు. "ఈ ఆదివారం నుంచి బుధవారం దాకా నేను ఊకె అరుస్త, అది నీ మీద కాదు. అరిచినప్పుడు జవాబు చెప్పకు, బయటికి పొమ్మను, నేను పోత" అని చెప్పు. నేను మా ఇంటామెకు చెప్పలే. ఆమె మూడు రోజులు ఓర్చుకుని, నాలుగో రోజు "ఇంతకన్న తాగుడే నయం గదా" అన్నది. ఆ ఒక్క మాట పట్టుకుని రెండోసారి నేను ఆరు నెలలు తాగిన. తప్పు ఆమెది కాదు. నేను చెప్పుంటే ఆ మాట అనేది కాదు.

ఇగ నాలుగో రోజు. నీ పొద్దుటి షిఫ్ట్ బస్సు ఐదింటికి అన్నవు. లేవంగనే ప్యాచ్, చెంబు నీళ్లు. చాయ్ ఇంట్లోనే సగం గ్లాసు తాగి బయలెల్లు. బస్సు పాయింటు కాడ బండి ముందు పది నిమిషాలు నిలబడుడు వద్దు, ఒక స్టాపు ముందుకు నడిచి అక్కడ ఎక్కు. రెండింటికి గేటు బయటికి వచ్చినప్పుడు చేతుల టిఫిన్ డబ్బా, ఫోను రెండూ పట్టుకో, చెయ్యి ఖాళీగ ఉండొద్దు. గమ్ అప్పుడు నోట్లో పెట్టుకో, పది పదిహేనుసార్లు నమిలి చెంపకు. బస్సుల కూసున్నంక నాకు ఒక ముక్క రాయి. ఆ టైముకు షాపుల గిరాకీ తక్కువ, నేను చూసుకుంటనే ఉంట.